మీ పుస్తకంలో మూడు ఖాళీ గడులు

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 38 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. ఆఫీసులో రోజంతా కూర్చుని చేసే లెక్కల పని. ఇద్దరు పిల్లలు. మా అమ్మకు మధుమేహం ఉంది, నాకూ వస్తుందేమోనని భయం. మెట్లెక్కితే ఎడమ మోకాలు నొప్పి పెడుతోంది. వచ్చే సోమవారం నుంచి బరువు తగ్గడానికి గట్టిగా పూనుకోవాలనుకుంటున్నాను. ఉదయం అయిదింటికి లేచి గంటసేపు పరుగు. అన్నం, చక్కెర, నూనె పూర్తిగా మానేయడం. సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోవడం. రెండు నెలల్లో 15 కిలోలు తగ్గాలి. ఇంతకుముందు నాలుగుసార్లు ఇలాగే మొదలుపెట్టి వదిలేశాను. అన్నింటిలోకీ ఎక్కువగా సాగింది 11 రోజులు. పన్నెండో రోజు పాపకు జ్వరం వచ్చి తప్పింది, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టలేకపోయాను. గత వారం ఏ పూట ఏం తిన్నానో పుస్తకంలో గడులు గీసి రాశాను. ఆ పేజీల ఫొటోలు జతచేస్తున్నాను. నా పథకంలో లోపాలుంటే దిద్దండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ పథకం కంటే ముందు మీ పుస్తకం చదివాను. రెండుసార్లు చదివాను. నేను ఈ వృత్తిలోకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇంత నిజాయితీగా రాసిన పేజీలు నాకు చాలా తక్కువగా వస్తాయి.

ఆ ఏడు రోజుల్లో మధ్యాహ్నం గడులు మూడు ఖాళీగా ఉన్నాయి. మంగళ, బుధ, శుక్రవారాలు. పక్కన ‘పని ఎక్కువ’ అని రాశారు. ఇప్పుడు అవే మూడు రోజుల రాత్రి గడులు చూడండి. సాయంత్రం ఆరున్నరకు భుజాన ఉన్న సంచీ కూడా దించకుండా వంటగదిలో నిలబడి తిన్న బిస్కెట్ల ప్యాకెట్టు, ఎనిమిదింటికి రెండింతల భోజనం, పదింటికి పిల్లల మిఠాయిలు. మిగతా నాలుగు రోజుల్లో ఇవేవీ లేవు. ఆ రోజుల్లో మీరు మధ్యాహ్నం తిన్నారు, రాత్రి మామూలుగా తిని లేచారు. బుధవారం గడి కింద చిన్న అక్షరాలతో ‘నా మీద నాకే అసహ్యం వేసింది’ అని ఉంది. ఆ వాక్యం నన్ను చాలాసేపు వదల్లేదు. ఆ రాత్రి మీరు చేసిన తప్పేమీ లేదు. తొమ్మిది గంటలు పస్తున్న శరీరం తనకు రావలసింది అడిగి తీసుకుంది, అంతే.

ఇది సంకల్పబలం తక్కువై జరిగేది కాదని వైద్యశాస్త్రానికి చాలాకాలంగా తెలుసు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు నెలలపాటు సుమారు సగం ఆహారమే పెట్టి గమనించారు. అందరూ దీక్షతో ముందుకొచ్చిన స్వచ్ఛంద సేవకులు. కొన్ని వారాలకే వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివారు. ఆంక్షలు ఎత్తేశాక ఎంత తిన్నా ఆకలి తీరలేదని చెప్పినవారున్నారు. అంతటి దీక్షాపరులకే తప్పనిది, ఇల్లూ ఆఫీసూ మోస్తున్న మీకు ఎలా తప్పుతుంది?

ఇక మీ లక్ష్యం సంగతి. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. రెండు నెలల్లో 15 కిలోల కొవ్వు కరగాలంటే రోజుకు దాదాపు 1,900 కేలరీల లోటు పడాలి. మీ వయసుకు, ఎత్తుకు, బరువుకు, కూర్చుని చేసే పనికి ఒక రోజుకు అవసరమయ్యేదే సుమారు 2,000. అంటే అరవై రోజులు ఇంచుమించు ఏమీ తినకూడదు. మీరు లెక్కల మనిషి కాబట్టి ఈ లెక్క మీ ముందు పెట్టాను. ఆ పథకం సాధ్యం కాదు, సాధ్యమైనా నేను ఒప్పుకోను.

రోజుకు 400 నుంచి 500 కేలరీలు తగ్గితే చాలు. మొదట్లో వారానికి అర కిలో వరకు తగ్గుతారు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి ఆ వేగం నెమ్మదిస్తుంది. దానికి కంగారు పడవద్దు. మీ మొదటి లక్ష్యం అయిదున్నర కిలోలు. ఈ అంకె ఊరికే చెప్పడం లేదు. మధుమేహం అంచున ఉన్నవారి మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం అందులో పెట్టుకున్న లక్ష్యాలు. ఆ దారిలో నడిచిన బృందంలో మధుమేహం బారిన పడడం 58 శాతం తగ్గింది. మీ 78 కిలోల్లో 7 శాతం అంటే అయిదున్నర కిలోలే. మీ అమ్మగారి జబ్బు మీకు రాకూడదన్నదే మీ అసలు భయమైతే, దానికి జవాబు 15 కిలోల దూరంలో లేదు.

సోమవారం నుంచి చేయవలసింది ఒక్కటే: మధ్యాహ్నం గడి ఖాళీ ఉండకూడదు. డబ్బా ముందురోజు రాత్రే సర్దిపెట్టుకోండి. అందులో సగం కూరగాయలు, పావువంతు అన్నమో రొట్టెలో, మిగిలిన పావు గుడ్డు, పప్పుధాన్యాలు, చేప వంటి మాంసకృత్తులున్న పదార్థం. పీచు, మాంసకృత్తులు ఉన్న భోజనం ఎక్కువసేపు నిలుస్తుంది. పని ఎంత ఉన్నా ఒంటిగంటకు డబ్బా తెరవండి. అన్నం మానక్కరలేదు, మోతాదు తెలిస్తే చాలు. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఒక పండో గుప్పెడు వేయించిన శనగలో తిని బయలుదేరండి. వంటగదిలోకి అడుగుపెట్టేటప్పటికి మీరు ఆకలితో నకనకలాడుతూ ఉండకూడదు. నా దృష్టిలో మీ పథకమంతా ఈ ఒక్క గంట చుట్టూనే తిరగాలి.

రెండు వారాల తర్వాత టీ సంగతి చూద్దాం. మీ పుస్తకం ప్రకారం రోజుకు అయిదు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున 40 గ్రాములు, అంటే 160 కేలరీలు. రోజుకు 2,000 కేలరీలు తీసుకునేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే గరిష్ఠ పరిమితి 50 గ్రాములు, 25 లోపు ఉంటే ఇంకా మేలు. మీ టీ ఒక్కటే ఆ పరిమితి దగ్గరికి తీసుకెళ్తోంది. ఒక్కసారిగా మానవద్దు. కప్పుకు అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి, నాలుక అలవాటు పడుతుంది. నూనె కూడా అంతే. సీసాతో ఒంపకుండా చెంచాతో కొలిచి వేయండి. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలుంటాయి.

బిస్కెట్ల ప్యాకెట్టు గురించి ఒక మాట. 2019లో కెవిన్ హాల్ బృందం 20 మందిని పరిశోధనా కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు కర్మాగారాల్లో బాగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు ఇంటివంట లాంటి ఆహారం పెట్టింది. రెండింటిలోనూ వడ్డించిన చక్కెర, కొవ్వు, పీచు సమానం. ఎంత కావాలంటే అంత తినవచ్చు. మొదటి రకం తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు 500 కేలరీలు అదనంగా తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. కాబట్టి ప్యాకెట్టు ఎదురుగా పెట్టుకుని మనసును అదుపు చేసుకోవడం కంటే, దాన్ని కొనకపోవడం తేలిక.

పరుగు వద్దు. ఆ మోకాలితో అసలే వద్దు. పరుగెత్తేటప్పుడు మోకాలి మీద పడే భారం శరీర బరువుకు ఎన్నో రెట్లు. పైగా మీరు పడుకునేది పదకొండున్నరకు. అయిదింటికి లేస్తే మిగిలేది అయిదున్నర గంటల నిద్ర, నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది. రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు నడవండి. మొదటి రెండు వారాలు అంతే. తర్వాత వారానికి అయిదు నిమిషాలు పెంచుకుంటూ వారంలో అయిదు రోజులు అరగంట వరకు తీసుకురండి. మాట్లాడగలిగేటంత, పాట పాడలేనంత వేగం సరైనది.

నడకతో పాటు బలాన్నిచ్చే వ్యాయామం వారానికి రెండు రోజులు తప్పనిసరి. తిండి తగ్గించి బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది, దాన్ని కాపాడేది ఇదే. నాకు 46వ ఏట మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. లేచి నిలబడడమే కష్టమైన ఆ రోజుల్లో నేను మొదలుపెట్టింది గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం. రోజుకు అయిదుసార్లు. ఆరు వారాలకు మూడు విడతలుగా పదేసిసార్లు చేయగలిగాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి తోయడం రెండోది. మోకాలు నొప్పి ముదిరితే ఆపి వైద్యుడికి చూపించండి. బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అయిదు కిలోలు తగ్గిననాడు మీ మెట్లు మీకే ఆ తేడా చెబుతాయి.

నడకతోనే బరువు తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అరగంట నడకకు మీ బరువున్నవారికి ఖర్చయ్యేది 130 కేలరీలకు అటూఇటూ, దాదాపు ఒక పెద్ద చెంచా నూనె. తగ్గించడంలో తిండిదే పెద్ద పాత్ర. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా నిలబెట్టడంలో, రక్తపోటును, నిద్రను బాగుచేయడంలో నడకది పెద్ద పాత్ర.

బరువు వారానికి ఒక్కసారే చూసుకోండి. ఒకే రోజు, ఉదయం, ఏమీ తినకముందు. ఉప్పు, నీరు, నెలసరి వల్లనే కిలో, రెండు కిలోలు అటూఇటూ అవుతుంది. నెలకోసారి నడుము కొలవండి. అది మీ ఎత్తులో సగం లోపు, అంటే 79 సెంటీమీటర్లలోపు ఉండడం ఆరోగ్యం. అక్కడికి చేరడానికి ఏళ్లు పట్టినా పరవాలేదు. మొదలుపెట్టే ముందు ఒకసారి రక్తపోటు, చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

చివరిగా, ఆ పన్నెండో రోజు గురించి. 2010లో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది కొత్త అలవాట్లను గమనించింది. అలవాటు కుదరడానికి కొందరికి 18 రోజులు పడుతుందని, కొందరికి 254 రోజుల వరకూ పట్టవచ్చని అంచనా వేసింది. మధ్యస్థంగా 66 రోజులు. అందులోనే మరో సంగతి తేలింది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటుకు చెప్పుకోదగ్గ నష్టం లేదు. పాపకు జ్వరం వస్తే పాప దగ్గర ఉండండి. ఆ రోజు గడిలో ‘పాపకు జ్వరం’ అని రాయండి. మర్నాడు ఒంటిగంటకు డబ్బా తెరవండి. నాలుగు వారాల తర్వాత పుస్తకం మళ్లీ పంపండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, కొంచెం లావు. నాతో పాటు డైటింగ్ చేయించవచ్చా? రోజూ బరువు చూస్తుంటే ఏడుస్తోంది.
– ఒక తల్లి

జవాబు: ఆ త్రాసును ఈ రోజే కంటికి కనిపించకుండా తీసేయండి. పదమూడేళ్ల పిల్ల ఇంకా ఎదుగుతోంది. ఎత్తు పెరిగేకొద్దీ బరువు దానంతట అదే సర్దుకునే అవకాశం ఉంది. ఈ వయసులో కడుపు మాడ్చడం ఎముకలకు, నెలసరికి చేటు, తిండంటే భయాన్ని కూడా నాటుతుంది. తన ముందు తన శరీరం గురించి, మీ శరీరం గురించి కూడా చెడ్డగా మాట్లాడవద్దు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేయండి. తియ్యటి పానీయాలు ఇంట్లోకి తేవద్దు. తనకు ఇష్టమైన ఆట ఏదో అడిగి రోజుకు గంట ఆడనివ్వండి. పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఆ గంటే. ఎత్తు, బరువు పిల్లల వైద్యుడు చూస్తే చాలు.

ప్రశ్న: వయసు 54. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్నాను. బరువు తగ్గడానికి వారానికి రెండు రోజులు పూర్తి ఉపవాసం మొదలుపెట్టాను. నిన్న చెమటలు పట్టి చేతులు వణికాయి. ఇది కొవ్వు కరగడానికి గుర్తా?
– ఒక పాఠకుడు

జవాబు: కాదు. అవి రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు. ఉపవాసం వెంటనే ఆపండి. తిండి తగ్గినా ఇన్సులిన్ మోతాదు అలాగే ఉంటే స్పృహ తప్పే ప్రమాదం ఉంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మళ్లీ అలా అనిపిస్తే వెంటనే చక్కెర పరీక్షించుకుని, 70 కంటే తక్కువుంటే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంటకు మళ్లీ పరీక్షించి, పెరగకపోతే మళ్లీ తాగండి. పరీక్షించే వీలు లేకపోతే ఆలోచించకుండా తాగేయండి. ఇంట్లోవాళ్లకు ఈ లక్షణాలు చెప్పి ఉంచండి. మీరు స్పృహలో లేనప్పుడు నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని కూడా చెప్పండి. మీ బరువు తగ్గించవచ్చు, కానీ ముందు మందు మోతాదు సరిచేయాలి, అది మీ వైద్యుడి చేతిలోనే ఉంది. ఈ పత్రిక మడిచిపెట్టి ఆయనకు ఫోను చేయండి. వెళ్లేటప్పుడు మందుల చీటీలన్నీ, గత రెండు వారాల చక్కెర రీడింగులు రాసిన కాగితం తీసుకెళ్లండి.