గేదెల డీఎన్ఏ చదివితే పాడికి ఏం లాభం?

ముఖ్యమైన లాభం దున్నపోతు ఎంపికలో. పోతు పాలివ్వదు కదా, దాని సత్తా తెలియాలంటే కూతుళ్లు ఈని పాలిచ్చేదాకా ఏళ్లు ఆగాలి. అదే దూడ చెవి నుంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ పరీక్షిస్తే అప్పుడే ఒక అంచనా దొరుకుతుంది.

ఇంకోటి, ఏ రకం గేదెను ఏ రకంతో కలుపుతున్నామో తెలుస్తుంది. ముర్రా, జాఫరాబాదీ లాంటి నదీ గేదెలకు 50 క్రోమోజోములు, చిత్తడి నేలల గేదెలకు 48. నదీ గేదెలో విడిగా ఉండే 4వ, 9వ క్రోమోజోములు చిత్తడి గేదెల్లో ఒకటిగా అతుక్కుపోయాయి. ఈ రెండింటినీ కలిపితే దూడకు 49 వస్తాయి. అది పెరిగాక చూడి కడుతుంది గానీ ఆ అవకాశం కాస్త తగ్గొచ్చు.

నాకు దిగులు పుట్టించేది మాత్రం అందరూ ఒకే మేటి పోతు వీర్యం వాడటం. దాంతో తెలియకుండానే దగ్గరి చుట్టాలను జత కట్టించేస్తాం. చూపుకు సంబంధం లేనట్టుండే రెండు పశువులు దగ్గరి చుట్టాలైతే, కాగితం మీద వంశావళి లేకపోయినా డీఎన్ఏ పట్టిస్తుంది.