పెళ్ళి గుర్రం కుంటుతోందా? ముందు తవుడు సంగతి చూడండి

సందేహం: మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పెళ్ళి ఊరేగింపులకు తిప్పుదామని నిరుడు సంక్రాంతి తర్వాత ఒక చిన్న గుర్రాన్ని కొన్నాను. ఎడ్లకు పెట్టినట్టే వరిగడ్డి, రోజుకు మూడు కిలోల తవుడు పెడుతున్నాను. రెండు నెలలుగా ఒకరోజు ముందుకాలు, ఇంకోరోజు వెనకకాలు కుంటుతోంది. ముఖం రెండు వైపులా కాస్త ఉబ్బినట్టుంది. మొన్నొకసారి కడుపునొప్పితో పొర్లాడింది. వాతలు పెట్టించమని ఊళ్ళో అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: వాతలు మాత్రం వద్దండి. ఉన్న నొప్పికి పుండు తోడవుతుంది, అంతే. మీరు రాసినదాన్ని బట్టి తప్పు కాళ్ళలో కాదు, మేతలో ఉన్నట్టుంది. మీరు గుర్రాన్ని ఎద్దులా మేపుతున్నారు.

తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రెండింటికీ తేడా పది రెట్లకు పైనే. గుర్రానికి కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా, వీలైతే ఇంకా ఎక్కువగా అందాలి. నెలల తరబడి తవుడే పెడితే రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం ఎముకల నుంచి లాక్కుంటుంది. ఎముక గుల్లబారి కాళ్ళు మారి మారి కుంటుతాయి, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటబట్టనివ్వవు. అయినా డాక్టరు చేత ఒకసారి పరీక్ష చేయించండి. దగ్గర్లో తేలకపోతే గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళవచ్చు.

తవుడు ఒక్కసారిగా ఆపకుండా వారం పది రోజుల్లో తగ్గిస్తూ రండి. 250 కిలోల గుర్రానికి రోజుకు నాలుగైదు కిలోల ఎండు మేత కావాలి. అందులో సగమైనా పచ్చిక ఎండుగడ్డి, పిల్లిపెసర, బూజు లేని వేరుశనగ కట్టె ఉండేలా చూడండి. మన వైపు వరి కోశాక చల్లే పిల్లిపెసర దీనికి మంచి మేత, కాల్షియం బాగా ఉంటుంది. దాణాగా నానబెట్టి ఉడికించిన ఉలవలు అర కిలో నుంచి కిలో వరకు, రెండు మూడు పూటలుగా పెట్టండి. మేతలో కలిపే సున్నపురాయి పొడి రోజుకు 30 గ్రాముల వరకు ఇవ్వవచ్చు, డాక్టరును అడిగే ఇవ్వండి. గోడలకు వేసే సున్నం మాత్రం పొరపాటున కూడా వద్దు, నోరు కాలిపోతుంది. ఉప్పు 25 గ్రాములు చాలు. నీళ్ళు 15 నుంచి 25 లీటర్లు, ఎండల్లో అంతకన్నా ఎక్కువే తాగుతుంది.

ఇంకో మాట. కోళ్ళ మేత చౌకగా దొరుకుతుందని ఎవరైనా ఇచ్చినా గుర్రానికి పెట్టకండి. కొన్నింటిలో కలిపే మొనెన్సిన్ కోడికి మందే కానీ గుర్రం గుండెకు విషం. కొద్దిగా తిన్నా చచ్చిపోవచ్చు.

ఇక కడుపునొప్పి. గుర్రం నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు, పొట్టేమో ఒంటికి తగ్గట్టు లేకుండా చిన్నది. అందుకే ఒకేసారి కుక్కిన తవుడు, నీళ్ళు లేకుండా తిన్న గరుకు వరిగడ్డి ఇరుక్కుపోతాయి. నేలను కాలితో గీరడం, డొక్క వైపు మాటిమాటికీ చూడటం, పేడ వేయకపోవడం కనిపిస్తే మేత తీసేసి వెంటనే డాక్టరును పిలవండి. పశువులకు చేసినట్టు వెదురు గొట్టంతో నూనె పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ గుర్రాన్ని కాపాడటం కష్టం. ఇలాంటివి నేను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

కాళ్ళ విషయం కూడా వదిలేయకండి. ఊరేగింపు తారురోడ్డు మీద నుంచి రాగానే గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు, పేడ గీకండి. అడుగున మధ్య మెత్తటి భాగం నల్లబడి దుర్వాసన వస్తే అది కుళ్ళు, కొట్టం తడిగా ఉన్నందుకే వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు కోయించి నాడాలు మార్పించండి. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం భయం గుర్రానికి చాలా ఎక్కువ, టీకా ముందే వేయించి ఉంచండి. వానల్లో జోరీగల వల్ల సర్రా అనే రక్తంలో క్రిముల జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ, కాళ్ళు వాచి, గుర్రం చిక్కిపోతే రక్తపరీక్ష చేయించండి.

కుంటు పోయేదాకా పెళ్ళి బేరాలు ఒప్పుకోకండి. మేత మార్చాక కుదుటపడటానికి కొన్ని నెలలు పడుతుంది. ముఖం మీది ఉబ్బు మాత్రం పూర్తిగా పోకపోవచ్చు.