చీపురు పట్టేముందు చెత్తబండి వేళ కనుక్కోండి

కాలనీ పార్కు చెత్తకుప్ప అయిపోయిందని, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఆ పక్కకు వెళ్లడం మానేశారని రాశారు. ఇరుగుపొరుగు కలిస్తే ఏమైనా మారుతుందా, మారితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మారుతుంది. మా బరంపురంలో మారింది. అయితే మేము మొదలుపెట్టినట్టు మాత్రం మీరు మొదలుపెట్టకండి. మా తప్పుకు ఒక మనిషి చెయ్యి తెగింది.

మా ఊరు ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఇది తెలుగు జిల్లాలతో కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే మా వీధిలో ఒక ఇంట్లో తెలుగు వినిపిస్తే పక్కింట్లో ఒడియా వినిపిస్తుంది. ఇళ్ల మధ్య చిన్న పార్కు: ఒక జారుడుబల్ల, రెండు ఊయలలు, నాలుగు సిమెంటు బెంచీలు, ఒక మూల ఉసిరిచెట్టు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పార్కులో ఉన్న తురాయి చెట్లన్నీ వేళ్లతో సహా పడిపోయాయి. ఆ నీడ కోసమే పగటిపూట వచ్చి కూర్చునే పెద్దవాళ్లు అప్పటినుంచి రావడం మానేశారు. పగలంతా ఖాళీగా ఉండే చోటు కనబడితే చాలు, ఇంటి మరమ్మతులో రాలిన పెచ్చులు మొదలుకొని పెళ్లి భోజనాల ప్లేట్ల దాకా అన్నీ అక్కడికే చేరాయి. వాటి మధ్య వయ్యారిభామ అనే కలుపుమొక్క మొలిచింది. సాయంత్రాలు సీసాలు తెచ్చుకుని కూర్చునేవాళ్లు వచ్చారు.

నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఒకరోజు ఇంటింటికీ తిరిగి అందరినీ పిలిచాను. మొదటి ఆదివారం ఇరవై రెండుమంది వచ్చారు. మూడు గంటలు ఊడ్చి, వెనక గోడ దగ్గర నడుమెత్తు కుప్పలు మూడు పోసి, ఫోటోలు తీసుకుని ఇళ్లకు వెళ్లాం. రెండో ఆదివారం పన్నెండు మంది. నాలుగో ఆదివారానికి నేను, మావారు, ఎదురింటి నాని మిగిలాం. నాని అంటే ఇక్కడి ఒడియాలో అక్క. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద, వీధి మొత్తానికీ నానియే. పార్కు మళ్లీ ఎప్పటిలాగే ఉంది.

ఆ మర్నాడు ఉదయం మా వీధి ఊడ్చే ఆమె గేటు దగ్గర ఆగి, "టీచరమ్మగారూ, ఒక్కసారి ఇటు వస్తారా" అని పిలిచింది. కార్పొరేషన్ తరఫున పనిచేసే మనిషి, తెలుగావిడే. నన్ను వెనక గోడ దగ్గరకు తీసుకెళ్లి, మేము పోసిన కుప్పను చీపురు మొనతో విప్పి చూపించింది. పైన ఎండుటాకులు, కింద పాచిపోయిన అన్నం ఉన్న కవర్లు, వాటి మధ్య పగిలిన సీసా పెంకులు. ఆవులు కవర్లు లాగి కుప్పను సగం చెదరగొట్టేశాయి. తర్వాత తన కుడి అరచెయ్యి చాపింది. బొటనవేలి కింద రెండంగుళాల గాటు, ఇంకా పూర్తిగా మానలేదు.

"మీరు ఆదివారం పోగుచేసి వెళ్తారు. సోమవారం ఇవన్నీ ఎత్తేది నేనే కదమ్మా. ఆకుల్లో గాజు ఉందని నాకేం తెలుసు?"

నాకు మాట రాలేదు. ఇరవై రెండుమందిమి ఫోటోలు తీసుకున్నాం కానీ, ఆ చెత్త ఇక్కడినుంచి ఎలా వెళ్తుంది, ఎవరి చేతుల మీదుగా వెళ్తుంది అని ఒక్కరమూ అనుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. ఆరోజు ఆమె పది నిమిషాల్లో చెప్పిన సంగతులే ఈరోజుకీ మా పార్కును నడిపిస్తున్నాయి.

చెత్తబండి ఉదయం ఆరున్నర, ఏడు మధ్య ముందు గేటు దాకా వస్తుంది. వెనక సందులోకి తిరగదు. మా కుండీ ఉన్నది వెనక సందులో. అందుకే అది ఎప్పుడూ నిండి పొర్లుతూ ఉండేది, పొర్లే కుండీ కనబడితే జనం దాని చుట్టూ ఇంకా పోసేవాళ్లు. "కుండీ ముందుకు జరపండి, మిగతాది నేను చూసుకుంటాను" అంది ఆమె. కార్పొరేషన్‌లో దరఖాస్తు ఇచ్చి జరిపించడానికి నెల పట్టింది. ఆ నెలా రెండు పాత డ్రమ్ములు ముందు గేటు దగ్గర పెట్టుకున్నాం. కుండీ జరిగిన వారానికే వెనక గోడ దగ్గర పోయడం చాలావరకు ఆగిపోయింది.

కాబట్టి ముందు మీ వీధి ఊడ్చే మనిషితో కూర్చుని మాట్లాడండి. పార్కు గురించి ఆమెకు తెలిసినంత మీ కాలనీలో ఎవరికీ తెలియదు. బండి వేళ కనుక్కుని మీ శ్రమదానం ఆ వేళకు గంట ముందు పెట్టుకోండి, కుప్పలు మీ కళ్లముందే బండెక్కాలి. గాజుపెంకులకు మూత ఉన్న పాత పెయింటు డబ్బా ఒకటి విడిగా ఉంచి, దానిమీద పెద్ద అక్షరాలతో రాయండి. చేతులకు తొడుగులు లేనిదే ఎవరినీ చెత్త ముట్టనివ్వకండి, పిల్లలను అసలే వద్దు.

ఆకులు మాత్రం బండికి వేయడం లేదు. ఇదివరకు చలికాలంలో కాల్చేవాళ్లు, పొగకు పక్కింటి పెద్దాయనకు ఆయాసం వచ్చేది. చెత్తను బయట తగలబెట్టడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే నిషేధించారు. మేము ఒక మూల నడుము లోతు గొయ్యి తీసి ఆకులు పొరలుగా వేసి, మధ్య మధ్య పేడనీళ్లు చల్లుతున్నాం. తడి ఆరకుండా చూసుకుంటూ అప్పుడప్పుడూ తిరగేస్తే నాలుగైదు నెలల్లో నల్లని ఎరువు అవుతుంది. మా రాష్ట్రంలో పట్టణాల తడిచెత్తతో ఎరువు చేసి "మో ఖత" అనే పేరుతో అమ్ముతారు. నా ఎరువు అని అర్థం. మా గొయ్యికీ నాని ఆ పేరే పెట్టింది.

వయ్యారిభామను పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడినప్పుడు వేళ్లతో పీకాలి. పూసిన తర్వాత పీకితే గింజలు రాలి మళ్లీ మొలుస్తుంది. అది తగిలి మా పక్కింటాయనకు మోచేతుల దాకా దద్దుర్లు వచ్చాయి కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకోమని చెప్పండి. తాగి పడేసిన కొబ్బరి బోండాలు, పాత టైర్లు వానాకాలంలో వారానికొకసారి తప్పకుండా ఏరండి. డెంగీ దోమ పెరిగేది నిలిచిన మంచినీటిలోనే, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు చాలు.

ఇక మీరు అడిగిన భయం సంగతి. నా మనసులో ఎక్కువగా ఉన్నది ఇదే.

మా వీధిలో ఒకాయన తాగేవాళ్ల మీద ఒక రాత్రి గట్టిగా అరిచారు. మర్నాడు జారుడుబల్ల కింద, పిల్లలు వచ్చి దిగే ఇసుకలో, సీసాలు పగలగొట్టి ఉన్నాయి. అప్పటినుంచి అరవడం మానేసి, ఒక వారంపాటు ఏ వేళకు ఎవరు వస్తున్నారో కాగితం మీద రాశాం. ఉదయం నడకకు వచ్చేవాళ్లు, మధ్యాహ్నం బెంచీ మీద కునుకు తీసే కూరగాయలమ్మే ఆవిడ, నాలుగు నుంచి ఆరు దాకా పిల్లలు. ఆరున్నర దాటితే ఎవరూ లేరు. ఎనిమిదికి వాళ్లు వస్తున్నారు. ఎవరూ లేని ఆ గంటన్నరలోనే పార్కు వాళ్లదవుతోంది.

ఎవరూ ఎందుకు ఉండడం లేదో చూస్తే, దీపం లేదు. స్తంభం ఉంది, దాని కింది పెట్టె మూత ఊడి తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. ఇటువంటివి కనబడితే మీలో కరెంటు పని తెలిసినవాళ్లు ఉన్నా సరే, చెయ్యి పెట్టనివ్వకండి. మేము చుట్టూ కర్రలు పాతి తాడు కట్టి, స్తంభం ఫోటోతో ఒడియాలో దరఖాస్తు రాసి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాం. మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ప్రతిసారీ ఆ ముద్ర ఉన్న కాగితమే బల్లమీద పెట్టాను. ముద్ర లేకుండా ఏ కాగితమూ ఇచ్చిరాకండి. తుప్పు పట్టిన జారుడుబల్ల అంచుకు పిల్లవాడి కాలు గీసుకున్న రోజున కూడా అంతే, ముందు తాడు కట్టి మూసేశాం, దరఖాస్తు తర్వాత రాశాం.

దీపాలు వెలిగాక రోజుకు రెండిళ్ల వాళ్లు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పార్కులో ఉండాలని వంతులు వేసుకున్నాం. కాపలా అని పేరు పెట్టలేదు. ఒకరు చిక్కుడుకాయలు ఒలుచుకుంటారు, ఒకరు మనవడికి ఎక్కాలు చెప్పుకుంటారు. అలా కూర్చున్న మూడోరోజు, చీకట్లో తాగుతున్నారని మేము తిట్టుకున్న వాళ్లలో ఇద్దరు మా వీధి కుర్రాళ్లేనని చూశాను. ఒకడు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు. నన్ను చూసి సీసా వెనక దాచుకున్నాడు. నేను సీసా ఊసెత్తలేదు. "నాన్నా, షటిల్ వల కట్టాలి, ఒక చెయ్యి వెయ్యవా" అన్నాను. వాడు కట్టాడు. ఇప్పటికీ సాయంత్రం వల కట్టేది వాడే. అందరూ అలా మారలేదు, కొందరు వేరే చోటు చూసుకున్నారు. బయటివాళ్లు గొడవకు దిగితే మధ్యకు వెళ్లవద్దని, 112కు ఫోన్ చేయమని అందరికీ చెప్పాం, గేటు మీద కూడా రాశాం.

గేటు మీది ఆ బోర్డు దగ్గరా నేను తప్పు చేశాను. మొదట తెలుగులో, నా చేతిరాతతో, ముచ్చటపడి రాయించాను. పది రోజుల తర్వాత నాని మెల్లగా అడిగింది, "ఇది తెలుగువాళ్ల పార్కా?" అని. ఇంకో సంగతి అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది. మా తెలుగు పిల్లల్లో చాలామంది ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుతున్నారు. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. అంటే ఆ బోర్డు ఎవరికోసం పెట్టామో వాళ్లూ చదవలేకపోయారు. తీసేసి పైన ఒడియా, కింద తెలుగు రాయించాను. మీ వీధిలోనూ రెండు భాషలవాళ్లు ఉంటే మొదటి రోజునుంచే ఇది గుర్తుపెట్టుకోండి. ఆదివారం సమావేశంలో ఒకరు తెలుగులో మాట్లాడితే వెంటనే ఇంకొకరు ఒడియాలో చెప్పేలా చూస్తున్నాం.

నిజానికి మమ్మల్ని దగ్గర చేసింది ఉసిరిచెట్టు. కార్తీకంలో మేము దాని కింద వనభోజనాలు చేసుకుంటాం. ఒడియావాళ్లు అదే నెలలో శుద్ధ నవమినాడు, అంళా నవమి అని, ఉసిరిని పూజిస్తారు. ఇన్నేళ్లూ ఒకే చెట్టు కింద వేర్వేరు రోజుల్లో చేసుకుని, ఎవరి ప్లేట్లు వాళ్లు అక్కడే వదిలి, అవతలివాళ్లే పారేశారని అనుకునేవాళ్లం. నాని, నేను కలిసి రెండూ ఆ నవమినాడే పెట్టించాం. ప్లాస్టిక్ ప్లేట్లు వద్దని, అడ్డాకు విస్తళ్లు తెప్పించాం. వాటిని వాళ్లు సియాళి పత్రం అంటారు, ఇక్కడి అడవుల్లో దొరికే ఆకే. తిన్న తర్వాత ఎవరి విస్తరి వాళ్లే తీసుకెళ్లి గొయ్యిలో వేశారు. వీధి ఊడ్చే ఆమెను ముందే పిలిచి, మొదటి పంక్తిలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ సాయంత్రం నేలమీద ఏరడానికి ఏమీ మిగలలేదు.

చందాల గురించి ఒక్క మాట. మొదట ఇంటికి యాభై రూపాయలు వసూలు చేశాం, రెండో నెలకే లెక్కల మీద మాటా మాటా వచ్చింది. ఇప్పుడు గేటు దగ్గర కావలసినవి రాసి పెడతాం: రెండు చీపుళ్లు, ఒక పార, తొడుగులు నాలుగు జతలు. ఎవరికి వీలైతే వాళ్లు తెచ్చి ఇస్తారు. డబ్బు చేతులు మారదు.

మీ కాలనీలో కుండీ ఎక్కడ ఉంది, బండి ఏ వేళకు వస్తుంది, చీకటి పడ్డాక పార్కులో వెలిగే దీపాలు ఎన్ని, ఈ మూడూ చూసి ఇక్కడ రాయండి. కార్పొరేషన్‌కు, కరెంటు ఆఫీసుకు మేము ఇచ్చిన దరఖాస్తుల నకళ్లు నా దగ్గర ఉన్నాయి, మీకు పనికొచ్చేలా తెలుగులో రాసి పెడతాను.