చదవాలనే ఉంది, చెయ్యేమో ఫోన్ మీదికి పోతోంది

ప్రశ్న: డిగ్రీ అయిపోయిందండి, ఇంటి దగ్గరే ఉండి గ్రూప్-2కి చదువుకుంటున్నాను. పొద్దున్నే ‘ఇవాళ పది గంటలు చదవాలి’ అని డైరీలో రాస్తాను. పాలిటీ పుస్తకం తెరిచిన పావుగంటకల్లా చేతిలో ఫోన్ ఉంటుంది. గంట గడిచాక గానీ స్పృహ రాదు. నాకు సంకల్పబలం లేదేమో. పెంచుకునే దారి చెప్పండి.
– ఒక అభ్యర్థి, అమలాపురం

జవాబు: సంకల్పబలాన్ని కాసేపు పక్కన పెట్టండి. అది వాడేకొద్దీ తరిగిపోతుందన్న వాదం 1998 నుంచీ బాగా చలామణీ అయ్యింది. 2016లో 23 ప్రయోగశాలలు ఒకే పద్ధతిలో పరీక్షించి చూస్తే ఆ ప్రభావం దాదాపు సున్నా. మీ చిక్కు రెండుచోట్ల కనిపిస్తోంది: డైరీలో రాసిన వాక్యంలో, ఫోన్ పెట్టే చోటులో.

‘పది గంటలు’ అన్నది చూడ్డానికి కచ్చితమైన లక్ష్యమే. స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం ‘వీలైనంత చేద్దాం’ కంటే మంచి ఫలితమిస్తుందని లాక్, లేథమ్ అనే మనస్తత్వవేత్తలు దశాబ్దాలపాటు పనిచేసి చూపించారు. కాకపోతే దానికి వాళ్లే షరతులు పెట్టారు. చేసే శక్తి ఉండాలి, ఎంతవరకు వచ్చామో మధ్యమధ్యలో తెలుస్తుండాలి. మీ లెక్కలో పదకొండయ్యేసరికి రెండు గంటలు పోతే ‘ఇవాళ్టికి ఎలాగూ అవ్వదు’ అని మిగతా రోజునీ వదిలేస్తారు. పైగా గంటలు కూర్చున్న సేపును కొలుస్తాయి గానీ బుర్రకెక్కిందాన్ని కాదు.

మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చెప్పిన పద్ధతిలో రాసి చూడండి: ‘ఫలానాది జరగ్గానే, ఫలానా చోట, ఫలానా పని మొదలెడతాను.’ 2006లో 94 పరీక్షల ఫలితాలు కలిపి చూసినప్పుడు, ఉత్త లక్ష్యం పెట్టుకున్నవాళ్ల కంటే ఇలా అనుకున్నవాళ్లు బాగా ముందున్నారు. మీ విషయంలో అది ఇలా ఉండొచ్చు: ‘టిఫిన్ ప్లేటు కడిగి బోర్లించగానే, వీధి గదిలో బల్ల దగ్గర కూర్చుని, రాజ్యాంగంలో 12 నుంచి 35 వరకు అధికరణాల్లో గుర్తున్నవి పుస్తకం చూడకుండా కాగితం మీద రాస్తాను.’ ప్లేటు బోర్లించడం కళ్లెదుట జరిగే పని, దాన్ని దాటిపోలేరు. ‘మనసు కుదిరాక’, ‘కాస్త ఖాళీ అయ్యాక’ అని రాస్తే ఆ ఘడియ ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు.

ఇందులో సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు. ఉత్సాహంకొద్దీ ఒకేసారి ఆరేడు వాక్యాలు రాసుకుంటారు, దేనికీ పట్టుండదు. మొదట ఒకటి చాలు. రెండోది, ‘ఫోన్ ముట్టుకోను’ అని రాయడం. అలా రాస్తే ఫోనే గుర్తొస్తుంది. ‘చెయ్యి ఫోన్ వైపు వెళ్లగానే తర్వాతి అధికరణం నంబరు వేస్తాను’ అని, చేయబోయే పనిని రాయండి.

ఇక ఫోన్. ఏ రీల్ బాగుంటుందో ముందు తెలియదు కాబట్టే అది లాగుతుంది. ఎన్నోసారి పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు పావురాలు విడవకుండా పొడుస్తూనే ఉంటాయని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. మీకు బోరు కొడుతున్నా వేలు జరుపుతూనే ఉంటారు చూశారా, అక్కడికి అది కోరి చేసే పని కాకుండా పోయింది, అలవాటైపోయింది. మీట నొక్కి మేత తినడానికి బాగా అలవాటు పడ్డ ఎలుకలు, మేత మీద విముఖత పుట్టించాక కూడా మీట నొక్కుతూనే ఉన్నాయని డికిన్సన్ అనే మనస్తత్వవేత్త బృందం చూపించింది. కాబట్టి ఇక్కడ బుద్ధి చెప్పుకుని లాభం లేదు, దూరం పెంచాలి. స్విచాఫ్ చేసి పెరటివైపు గదిలో బీరువాలో పెట్టండి. బల్లమీద సైలెంట్లో పెట్టడం దీనికి సాటిరాదు.

ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళితే ధ్యాసలో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు చూపించారు. అందుకని లేచే ముందు ‘ఎక్కడ ఆపాను, వచ్చాక మొదట ఏం చేయాలి’ అని ఒక్క వరుస రాసి లేవండి. నలభై నిమిషాలు చదివి పది నిమిషాలు తిరగండి. ఆ పదిలో మాత్రం బీరువా తలుపు తీయకండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల అబ్బాయి పొద్దస్తమానం బొమ్మలేసేవాడు. ప్రోత్సాహంగా ఉంటుందని బొమ్మకి ఇరవై రూపాయలిచ్చాను. ఇప్పుడు డబ్బంటేనే వేస్తున్నాడు, అదీ గబగబా గీకి ఇచ్చేస్తున్నాడు.
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: బొమ్మల లెక్కన డబ్బిస్తే నాలుగు గీతల్లో తేల్చేయడం తెలివైన పనేనమ్మా, వాణ్ణి తప్పుపట్టలేం. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు సరిగ్గా ఇదే చూశారు. స్కెచ్ పెన్నులతో ఇష్టంగా బొమ్మలేసే నర్సరీ పిల్లల్లో కొందరికి ‘వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. వారం, రెండు వారాలయ్యాక చూస్తే ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లలో సగం సేపే బొమ్మలేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఇష్టం తగ్గలేదు.

ఇరవై రూపాయలు ఆపేయండి, ఉపన్యాసం వద్దు. కాగితాలు, రంగులు అందేచోట ఉంచి, ‘వెయ్యరా’ అనకుండా ఊరుకోండి. వేసినప్పుడు ‘ఎంత బాగుందో’ అని వదిలేయక ‘ఈ పడవకి తెరచాప ఇటెందుకు వంగింది?’ అని అడగండి. కొన్నాళ్లు చప్పగా ఉంటాడు, కంగారుపడకండి. ఎక్కాల్లాంటి మొదటినుంచీ ఇష్టంలేని పనికి బహుమతి పెడితే ఈ నష్టం లేదు, అక్కడ చెడడానికి ఇష్టమే లేదు కదా.

ప్రశ్న: రొయ్యల చెరువు లెక్కలు రోజూ రాయాలనుకుంటాను. వారం రాసి మానేస్తున్నాను. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు, నిజమేనా?
– ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: 21కి ఆధారం లేదండి. 2010లో లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి అంచనా 18 నుంచి 254 వరకూ పోయింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం కనిపించలేదు.

మీరు బహుశా రాత్రి ఇంటికొచ్చి గుర్తుచేసుకుని రాస్తుంటారు, అందుకే ఆగిపోతోంది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెన్ను తాడుతో కట్టి గట్టుమీది షెడ్డులో వేలాడదీయండి. చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) పైకెత్తి చూసి దింపగానే, చెయ్యి తుడుచుకుని రాయండి. గళ్లు నాలుగే: తేదీ, తెల్లవారకముందు డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్), ట్రేలో మిగిలిన మేత, ఆ పూట వేసిన మేత కిలోలు. తప్పిన రోజు గడి ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపితే మర్నాటి మేత లెక్కే తప్పుతుంది.