టీచరు ఉద్యోగం మాని కోర్టు ప్రాక్టీసులోకి రావచ్చా? విజయనగరం నుంచి అడిగిన చెల్లెలికి

మీరు బీకాం చదివి, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ ఎల్.ఎల్.బి. ఆఖరి సంవత్సరానికి వచ్చారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది. కోర్టులో కేసులు నడిపే ఆడవాళ్లు అసలు ఎక్కడి నుంచి వస్తారు, ముప్పై దగ్గర మొదలుపెడితే నిలబడగలరా అని అడిగారు. నిలబడగలరు. వయసుదీ పాత ఉద్యోగానిదీ అడ్డేమీ లేదు. మొదటి మూడేళ్లలో మీ చేత సాక్షిని విచారింపజేసే సీనియర్ దొరకడం మాత్రం ముఖ్యం. అది దొరక్కపోతే పదేళ్లయినా వాయిదాలు అడిగే జూనియర్‌గానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, టెక్కలి బార్ అసోసియేషన్లలో లాయర్ల ఇళ్లలో పుట్టిన వాళ్లే ఉంటారనుకోకండి. స్కూలు టీచర్లు, బ్యాంకు క్యాషియర్లు, డాక్యుమెంట్ రైటర్ల దగ్గర పనిచేసినవాళ్లు, పెళ్లయి పిల్లలు బడికి వెళ్లాక చదువు మొదలుపెట్టినవాళ్లు అందరూ వస్తున్నారు. ఏ నేపథ్యమైనా కోర్టులో ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుంది. రెవెన్యూ కాగితాలు తెలిసినవాళ్లు అడంగల్ (సాగు రికార్డు), 1-బి (ఎవరి పేరిట ఎంత భూమి ఉందో చెప్పేది), ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పటం) నకలు చూసి దావాలో హద్దుల తప్పు ఇట్టే పట్టేస్తారు. నర్సుగా చేసినవాళ్లకు యాక్సిడెంటు కేసుల్లో గాయాల రికార్డు చదవడం వచ్చు. జాతీయ రహదారి రెండు జిల్లాల మీదుగా పోతోంది కాబట్టి ఎం.వి.ఓ.పి.లకు, అంటే ప్రమాద పరిహారం పిటిషన్లకు ఇక్కడ కొదవ లేదు. మీ బీకాం కూడా ఊరికే పోదు. చెల్లని చెక్కు కేసులోనూ మనోవర్తి కేసులోనూ ఎదుటివాడి బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రశ్నలు వెతుక్కోగలగడం పెద్ద బలం. ఒకసారి ఒక్క విషయమే అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం టీచరుకు అలవాటే. క్రాస్ ఎగ్జామినేషన్‌కు, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడానికి కావలసింది సరిగ్గా అదే.

లాంఛనాలు త్వరగా చెప్పేస్తాను. జీతం తీసుకునే పూర్తికాలం ఉద్యోగంలో ఉంటూ ప్రాక్టీసు చేయకూడదు, కాబట్టి ఎన్‌రోల్‌మెంటుకు (బార్ కౌన్సిల్‌లో అడ్వకేటుగా నమోదుకు) ముందే స్కూలు నుంచి రిలీవింగ్ లెటర్ తీసుకోండి. 2024 జూలై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఎన్‌రోల్‌మెంటు ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదు. స్టాంపు డ్యూటీ వేరు. ఆ తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

ఇక సీనియర్. పేరు చూసి చేరకండి, ముందు ఒక వారం కోర్టు హాల్లో కూర్చుని గమనించండి. ఆ ఆఫీసు జూనియర్లు లేచి వాయిదా అడిగి కూర్చుంటున్నారా, లేక చిన్న కేసుల్లోనైనా చీఫ్ (తమ సాక్షి విచారణ), క్రాస్ చేస్తున్నారా? ఆడ జూనియర్ల చేత అప్లికేషన్లు రాయించి, కేసు విచారణకు వచ్చేసరికి మగ జూనియర్‌కు అప్పగించే ఆఫీసులు ఉన్నాయి. అక్కడ డ్రాఫ్టింగ్ బాగా వస్తుంది గానీ కోర్టులో నోరు పెగలదు. చేరేటప్పుడే సూటిగా అడగండి: "సార్, ఆర్నెల్లు దాటాక ఇంజంక్షన్ దావాల్లో సాక్షిని నా చేత విచారింపజేస్తారా?" అని. ఇంజంక్షన్ అంటే అవతలివాళ్లు ఫలానా పని చేయకుండా కోర్టు ఆపే ఉత్తర్వు. ఆడ సీనియర్ అయితేనే మేలు అనుకోనక్కర్లేదు, పని ఇచ్చేవాళ్లు కావాలి. సాయంత్రం ఆఫీసు ఎన్నింటికి ముగుస్తుందో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. క్లయింట్లు పల్లెల నుంచి పనులు ముగించుకుని దీపాలు పెట్టే వేళకు వస్తారు. చంటిపిల్ల తల్లికి అసలు ఇబ్బంది ఆ గంటల్లోనే. డ్రాఫ్టులు ఇంట్లో చేసి పొద్దున్నే తెచ్చి ఇస్తానంటే ఒప్పుకునే సీనియర్లు ఉన్నారు.

ఆడ లాయరు కనబడితే చాలు, గృహహింస కేసులు, మనోవర్తి కేసులు, విడాకులు తెచ్చి పెడతారు. తీసుకోండి, వద్దనకండి. "లాయరమ్మకైతే చెప్పుకోగలం" అని వచ్చే మనిషి నమ్మకం చిన్నది కాదు. అయితే వాటిని రాజీ దాకా మాత్రమే నడిపే అలవాటు వద్దు. గృహహింస చట్టం కింద పిటిషన్ వేస్తే మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, 60 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. వాస్తవంలో ఆలస్యం ఎక్కువగా నోటీసు అందకపోవడం వల్లే. భర్త హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనికి పోయి ఉంటాడు, ఊళ్లో అడ్రసుకు పంపిన నోటీసు తిరిగొస్తుంది. పిటిషన్ రాసేనాడే పనిచేసే చోటు చిరునామా, ఫోన్ నంబరు రాబట్టండి. మధ్యంతర మనోవర్తికి (కేసు తేలేలోపు ఇచ్చేదానికి) ఇద్దరూ ఆస్తి, ఆదాయ వివరాల అఫిడవిట్ వేయాలని 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు చెప్పింది. అవతలివాళ్లు వేయకపోతే ప్రతి వాయిదాకూ గుర్తుచేసి డాకెట్‌లో (కోర్టు రోజువారీ నమోదులో) రాయించుకోవాలి.

వీటితోపాటు సివిల్ పని పట్టుకోండి. జూనియర్‌కు తొలి సంపాదన చాలాసార్లు అడ్వకేట్ కమిషనర్ వారెంట్లతోనే, అంటే కోర్టు తరఫున వెళ్లి చూసి రిపోర్టు ఇమ్మనే ఉత్తర్వులతోనే. అందులో చేయి తిరిగితే జడ్జీలు గుర్తుపెట్టుకుంటారు. పొలం తనిఖీకి వారెంటు వచ్చిందనుకోండి. ముందు రెండు పక్షాల లాయర్లకూ తేదీ, గంట, సర్వే నంబరు రాసిన నోటీసు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. కొలతలు కావాలంటే మండల సర్వేయర్‌కు వేరే మెమో. గట్టు మీద నిలబడ్డాక రెండు వైపుల మగవాళ్లూ ఒకేసారి అరుస్తారు, "మాదే సాగు, రాయండమ్మా" అంటారు. రాయకూడదు. మీకు కనిపించేదే రాయాలి: గట్టు ఎంత ఎత్తు, జీడిచెట్లు ఎన్ని, బోరుకు మోటారు ఉందా, కంచె కొత్తదా పాతదా. స్వాధీనం ఎవరిదో తేల్చడం కోర్టు పని. కమిషనర్ ఆ మాట రాస్తే అభ్యంతరం పడి రిపోర్టు విలువ పోతుంది. హాజరైనవాళ్ల సంతకాలు అక్కడే తీసుకోండి, ఎవరైనా నిరాకరిస్తే ఆ సంగతి కూడా రాయండి. ఫోన్లో తీసిన ఫొటోలు సాక్ష్యంగా పెట్టేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ ఉండాలి.

కేసు పోగొట్టేది ఎక్కువగా తేదీలే. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక అవతలివాళ్లకు 15 రోజుల గడువు, అది దాటాక ఒక నెలలో ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చూపి క్షమించమనవచ్చు, నోటీసు ఆలస్యానికి ఆ దారి లేదు. అవతలివాళ్లకు నోటీసు లేకుండా ఇంజంక్షన్ వస్తే సంబరపడి ఇంటికి వెళ్లిపోకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం దావా, అఫిడవిట్, డాక్యుమెంట్ల నకళ్లు ప్రతివాదికి పంపి, పంపినట్టు అఫిడవిట్ ఆ రోజో మర్నాడో కోర్టులో వేయాలి. చాలామంది జారిపోయేది ఇక్కడే, ఆర్డరు ఎత్తేయించడానికి అవతలి లాయరుకు ఆ ఒక్క లోపం ఆసరా అవుతుంది.

డబ్బు సంగతి దాచిపెట్టి లాభం లేదు. జూనియర్లకు గ్రామీణ ప్రాంతాల్లో నెలకు 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫార్సు చేసింది. సిఫార్సే కాబట్టి ఇక్కడ దాన్ని నమ్ముకోవద్దు. ఏడాదిన్నర ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకునే స్కూలు మానండి.

మూడేళ్లు నిండితే దారులు తెరుచుకుంటాయి. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్లు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి నుంచే క్రిమినల్ ఇష్టమైతే, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అసిస్టెంట్ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ (పేద నిందితుల తరఫున ఉచితంగా వాదించే లాయరు) నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. అందులో చేరితే బయట కేసులు తీసుకోకూడదు గానీ సెషన్స్ విచారణలు దగ్గరగా చూస్తారు. నోటరీకి మామూలుగా పదేళ్లు అడుగుతారు, ఆడవాళ్లకు ఏడేళ్లు చాలు. జిల్లా జడ్జిగా నేరుగా పోటీ పడాలన్నా ఏడేళ్ల ప్రాక్టీసే. సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ 1950లో అడ్వకేటుగా చేరి, 1958లో మున్సిఫ్‌గా (కింది స్థాయి సివిల్ జడ్జిగా) ఎంపికై, కింది కోర్టుల మెట్లు ఎక్కుతూనే 1989లో అక్కడికి చేరారు.

మొదట విజయనగరంలోనే ఉండండి, రకరకాల కోర్టులు ఒకేచోట దొరుకుతాయి. సొంతంగా బోర్డు పెట్టేటప్పుడు చీపురుపల్లి, గజపతినగరం, సాలూరు లాంటి చోట్లు ఆలోచించండి, పోటీ తక్కువ. పార్వతీపురం, సీతంపేట వైపు గిరిజన భూముల మీద పట్టు సంపాదిస్తే ఇంకా మంచిది. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం తెలిసి, ఆ ఊళ్లకు ఓపికగా వెళ్లి గిరిజన స్త్రీల మాట వినే లాయర్లు నిజంగా కావాలి.

మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టి, మీరు హాజరైన ప్రతి కేసు నంబరు, కోర్టు, తేదీ, చేసిన పని రాయండి. వకాల్తాలో సీనియర్ పేరు కింద మీ పేరూ వేయించుకోండి. జడ్జి పరీక్షకు పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు ఇచ్చే సర్టిఫికెట్ మీద న్యాయాధికారి ధ్రువీకరణ కావాలి, అప్పుడు చూపించడానికి పనికొచ్చేవి ఈ పుస్తకం, ఆ వకాల్తాలు.