చికోరీని చికోరీగానే కాచుకో

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మేనకోడలికి, బెజవాడ నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గుండెదడ కారణంగా కాఫీ మానేయమని డాక్టరు గారు చెప్పారనీ, దాని బదులు చికోరీ వేరు పొడి కాచుకుని తాగవచ్చేమో మామయ్యను కనుక్కోమన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నేనూ ఫోనులోనే నాలుగు ముక్కలు చెప్పేస్తే నువ్వు సగం విని మిగతా సగం నీ పద్ధతిలో కానిస్తావని తెలుసు గనుక ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళు కాఫీ గింజలు వేయించి పొడి కొట్టి అమ్మినవాణ్ణి, ఆపైన నిద్ర పట్టని జబ్బు వచ్చి అరవై ఒకటో ఏట కాఫీ మానేసి ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే చికోరీ తాగుతున్నవాణ్ణి కాబట్టి, రెండు పక్కలా అనుభవం ఉన్న మనిషి మాటగా దీన్ని చదువుకో.

అన్నిటికంటే ముందు ప్యాకెట్ సంగతి చూడాలి. ‘చికోరీ కాఫీ’ అని బజారులో దొరికే దానిలో ఎక్కువ పాలు కాఫీయే. కాఫీ-చికోరీ మిశ్రమం అని అమ్మేదానిలో బరువు ప్రకారం కనీసం 51 శాతం కాఫీ ఉండి తీరాలనీ, ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద ముద్రించాలనీ మన దేశంలో నిబంధన ఉంది. కాఫీ తాగేవాడికి అది రక్షణే కానీ, కెఫీన్ వద్దనుకునే నీకు మాత్రం అదే చిక్కు. నీకు కావలసింది నూటికి నూరు పాళ్ళూ చికోరీ. కాఫీ మానేసిన మొదటి వారంలో నేనే ఒక దుకాణంలో ‘చికోరీ ఇవ్వు బాబూ’ అని అడిగి, అతను డబ్బాలోంచి తీసి పొట్లం కట్టి ఇచ్చినదాన్ని సాయంత్రం ఏడింటికి తృప్తిగా తాగి, రాత్రి రెండు దాకా పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆ రోజు నాకు విపరీతమైన జలుబు. ముక్కు పనిచేసి ఉంటే పొట్లం విప్పగానే కాఫీ కలిసిందని తెలిసిపోయేది.

ముక్కు మీద ఆధారపడకుండా తెలుసుకునే ఉపాయం మా దుకాణంలో కుర్రవాళ్ళకు కూడా తెలుసు. గాజు గ్లాసు నిండా చల్లని నీళ్ళు పోసి, నీళ్ళు కదలకుండా నిలిచాక, పైన చిటికెడు పొడి మెల్లగా చల్లు. కాఫీ పొడిలో నూనె ఉంటుంది గనుక అది నీటి మీద తేలుతుంది. చికోరీ రేణువులు మాత్రం చల్లిన కాసేపటికే మునగడం మొదలుపెట్టి, ఒక్కొక్కటీ తన వెనక సన్నని గోధుమరంగు చార వదులుతూ అడుగుకు దిగుతాయి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఎవరో గ్లాసులో దారాలు వేలాడదీసినట్టు కనిపిస్తుంది. అసలైన చికోరీ అయితే కొద్ది నిమిషాల్లో పైన దాదాపు ఏమీ మిగలదు. కొత్త ప్యాకెట్ కొన్న ప్రతిసారీ ఈ పరీక్ష చేయి.

ఇక ఇది ఏమిటో కూడా తెలుసుకో. చికోరీ గింజ కాదు, వేరు. నీలిపూలు పూసే ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లోని జామ్‌నగర్ వైపూ, ఉత్తరప్రదేశ్‌లోని ఎటా, కాస్‌గంజ్ ప్రాంతాల్లోనూ పండిస్తారు. ముల్లంగి ఆకారంలో ఉండే ఆ వేళ్ళను తవ్వి తీసి, ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి పొడి కొడతారు. నువ్వుండే హైదరాబాదులో యునానీ మందుల దుకాణాల్లో కాస్నీ గింజలని అమ్మేది ఈ మొక్క విత్తనాలనే; వాటితో ఈ పానీయం తయారు కాదు, పొరబాటున అవి తెచ్చుకోకు. కెఫీన్ తీసేసిన కాఫీలో ఎంతో కొంత కెఫీన్ మిగిలే ఉంటుంది. చికోరీ వేరులో అది పుట్టుకతోనే లేదు కాబట్టి తీయవలసిన పనీ లేదు. పచ్చి వేరులో సుమారు 15 నుంచి 20 శాతం దాకా ఇన్యులిన్ అనే పీచుపదార్థం ఉంటుంది. వేయించినప్పుడు అందులో కొంత విడిపోయి చక్కెరగా మారి, ఆ చక్కెర మాడి, ముదురు పాకం వాసన వస్తుంది. చికోరీలో ఉన్న రంగూ, వెనకాల తగిలే తీపీ చాలావరకు ఆ పాకం చలవే.

దీన్ని కాఫీ లేని రోజుల్లో కాఫీగా వాడుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. 1806లో నెపోలియన్ ఇంగ్లండు వర్తకాన్ని అడ్డుకుంటూ దిగ్బంధం విధించినప్పుడు ఫ్రాన్సులో కాఫీకి కరువొచ్చి, జనం ఈ వేరు మీద పడ్డారు. ఆ అలవాటు తరవాత కూడా పోలేదు. మన దగ్గర మాత్రం అది ధర తగ్గించే సరుకుగానే వచ్చింది గనుక కల్తీ అనే పేరు మోసింది. ‘చికోరీ లేకుండా ఇవ్వండి’ అని దర్జాగా అడిగి తీసుకెళ్ళిన పెద్దమనుషులే వారం తిరక్కుండా ‘డికాక్షన్ చిక్కగా దిగడం లేదండీ, నూటికి ఇరవై కలపండి’ అంటూ వచ్చిన సందర్భాలు నాకు ఎన్నో గుర్తున్నాయి.

అసలు విషయం కాచే పద్ధతి. కాఫీ ఫిల్టరులో చికోరీ వేయవద్దు. నేను మొదటి రోజు రాత్రి అలవాటు ప్రకారం మా ఇత్తడి ఫిల్టరులో నాలుగు చెంచాలు వేసి, వేడినీళ్ళు పోసి, మూత పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే కింది గిన్నెలో అడుగు తడిసేంత కూడా లేదు; పైగిన్నెలో నీళ్ళు నీళ్ళలాగే నిలిచి, వాటి కింద చింతపండు గుజ్జులాంటి నల్లని ముద్ద కూర్చుని ఉంది. మెత్తని చికోరీ పొడి నీళ్ళు తగిలితే ఉబ్బి, జిగటపడి, రంధ్రాలన్నీ పూడ్చేస్తుంది. ఆ ఫిల్టరు కన్నాలు ఒక్కొక్కటే గుండుసూదితో పొడిచి బాగుచేసేసరికి మీ అత్తయ్య ఉప్మా కూడా చేసేసింది.

అందుకని మెత్తని పొడి కాకుండా బొంబాయి రవ్వంత పలుకున్న చికోరీ కొనుక్కుని, కషాయం కాచినట్టు కాచుకో. ఒక్కరికి 150 మిల్లీలీటర్ల నీళ్ళు మరగనిచ్చి, తలకొట్టిన ఒక టీ చెంచా చికోరీ వేసి, మంట తగ్గించి మూడు నిమిషాలు ఉంచి దింపేయి. మూతపెట్టి ఇంకో మూడు నిమిషాలు వదిలేస్తే నలుసులు అడుగుకు చేరతాయి. అప్పుడు కదపకుండా పైతేటను పలచని గుడ్డలోంచి వంపుకో. కాఫీ కొలత దీనికి పనికిరాదు. కాఫీ పొడిలో నీటికి దిగేది సుమారు పాతిక, ముప్పై శాతమైతే, చికోరీలో దానికి దాదాపు రెట్టింపో అంతకంటే ఎక్కువో దిగుతుంది. కాఫీకి వేసినంత వేశావంటే అది వేపరసంతో పోటీపడుతుంది. చిక్కని పాలు సగానికి సగం కలిపితే రంగు చూసి ఎవరూ కాఫీ కాదనుకోరు. చక్కెర మాత్రం నువ్వు కాఫీలో వేసుకునేదానిలో సగంతో మొదలుపెట్టు, ఎందుకంటే దీనిలో ఎంతో కొంత తీపి ముందే ఉంది. చిటికెడు శొంఠి వేసుకోవచ్చు. ఏలక్కాయ వేయమని కొందరు చెబుతారు కానీ, నా మటుకు అది పాయసం గిన్నె కడిగిన నీళ్ళలా ఉంటుంది.

రుచి విషయంలో నేను చెప్పగలిగింది ఒకటే: గ్లాసు నోటి దగ్గరకు రాగానే కాఫీ వాసన కోసం వెతక్కు. అది రాదు, ఆ పులుపూ రాదు. నేను మొదటి నెల రోజులూ దీన్ని ఓడిపోయిన కాఫీగా తాగి, ప్రతి గుక్కకూ ముఖం చిట్లించాను. తరవాత ఒక రోజు పాలు అయిపోయి ఉత్త కషాయమే తాగితే, ఇది వేరే పానీయమని అప్పుడు నాలుకకు తెలిసింది. కాఫీ తాగే వేళకే, ఆ గ్లాసులోనే, ఆ కుర్చీలోనే కూర్చుని తాగు. పొద్దుటి అలవాటులో సగం ఆ కూర్చోవడమే.

కాఫీని ఒక్కసారిగా మానాలా, తగ్గించుకుంటూ రావాలా అన్నది డాక్టరు గారినే అడుగు. ఒక్కసారిగా మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజులు బాగా బాధించి, ఒక్కొక్కరికి తొమ్మిది రోజుల దాకా కూడా ఉంటుంది. అది చికోరీ వల్ల వచ్చిందని దాన్ని తిట్టకు. తగ్గించుకోమంటే, కాఫీ, చికోరీ విడివిడిగా కాచి, మూడు నాలుగు రోజులకొకసారి కాఫీ డికాక్షన్ ఒక చెంచా తగ్గిస్తూ చికోరీ ఒక చెంచా పెంచుకుంటూ రా.

కొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఇందాక చెప్పిన ఇన్యులిన్ చిన్నపేగులో అరగక పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది; మలబద్ధకం ఉన్నవారికి అది మేలే కానీ, కొత్తలో కడుపు ఉబ్బరిస్తుంది. మొదటి వారం రోజుకు ఒక్క గ్లాసుతో ఆగు. ఈ మొక్క చామంతి కుటుంబానిది కాబట్టి, చామంతిపూలు ముట్టుకుంటే తుమ్ములూ దద్దుర్లూ వచ్చేవాళ్ళు దీని జోలికి పోకూడదు. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు అడగకుండా తాగకూడదు. బాగా వేయించిన పదార్థాల్లో ఏర్పడే యాక్రిలమైడ్ అనే రసాయనం చికోరీలో కాఫీలో కంటే ఎక్కువ. ఐరోపా సమాఖ్య 2017లో పెట్టిన ప్రమాణాల్లో వేయించిన కాఫీకి కిలోకు 400 మైక్రోగ్రాములని ఉంటే, చికోరీకి 4000 అని ఉంది. చెంచాడు పొడితో కాచే గ్లాసుకు భయపడవలసిన పని లేదు కానీ, కెఫీన్ లేదు కదా అని రోజంతా తాగుతూ కూర్చోవద్దని మాత్రం చెబుతాను. నేను రెండు గ్లాసులు దాటను.

ఎండు ముక్కలు తెచ్చి ఇంట్లో వేయించుకుందామని సరదా పడతావేమో, నీ సంగతి నాకు తెలుసు. కాఫీ గింజ వేగేటప్పుడు చిటపటమని తన సంగతి తానే చెబుతుంది. చికోరీ నోరు విప్పదు. దళసరి మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూనే ఉండి, ముక్క చింతగింజ రంగుకు రాకముందే దింపి పళ్ళెంలో పరిచేయాలి, ఎందుకంటే దింపాక కూడా తన వేడికి తాను మాడుతుంది. మొదటి రెండు వాయిలు ఎలాగూ పారపోస్తావు.

వచ్చే ఆదివారం మీ అమ్మ వచ్చేటప్పుడు పావుకిలో పలుకు చికోరీ ఇచ్చి పంపుతున్నాను. రాగానే దాన్ని రెండు గాజు సీసాల్లోకి సర్ది, ఒకదానికి మూత బిగించి అలమరాలో దాచి, రెండోదే వాడుకో. దీనికి గాలిలోని తడి తగిలితే చాలు, గడ్డ కడుతుంది; కిందటి వానాకాలం మా సీసాలో పడ్డ ఒక్క తడి చెంచా పుణ్యమా అని, మిగిలిన చికోరీ అంతా పచ్చడిబండతో కొడితే గాని ఊడి రాలేదు.

ఇట్లు,
మీ మామయ్య