చదరంగం గళ్ల గింజల లెక్క: ఆ పెద్ద సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏవి?

చదరంగం పలకలోని 64 గళ్లలో 1, 2, 4 గింజలంటూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం 2⁶⁴−1, అంటే 1,84,46,74,40,73,70,95,51,615. వెయ్యి వడ్ల గింజలు 20 గ్రాములనుకుంటే సుమారు 36,900 కోట్ల టన్నులు; వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డు కాదు కదా, దేశంలోని గోదాములన్నీ కలిపినా చాలవు.

విడగొట్టడానికి వర్గాల భేదం సూత్రం, a²−b² = (a−b)(a+b), చాలు: (2³²−1)(2³²+1). మొదటిదాన్ని అలాగే విడదీస్తూ పోతే 3, 5, 17, 257, 65,537 మిగులుతాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. చిక్కంతా 2³²+1 దగ్గరే. ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా దీన్నీ ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ 641 × 67,00,417 అని తేల్చాడు.

ఎక్సెల్‌లో సరిచూడొద్దు, 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. చేత్తో చూస్తే అంకెల మొత్తం 87: 3తో పోతుంది, 9తో పోదు.